జాజ్ సభలో తెలుగువారి మాండొలిన్

పరదేశమునుండి వచ్చిన వాద్యము మన సంగీతమున కుదురుకొనుట క్రొత్త సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్దమున బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన గానమునకు అలవరచిరి. నేడు అది లేని కచేరీ అరుదు. అటులనే ఇటలీ దేశపు మాండొలిన్‌ను కర్ణాటక వాద్యముగా నిలిపినవారు ఉప్పలపు శ్రీనివాస్ గారు. వారి కృతుల రికార్డులు మనకు సుపరిచితములు. అన్యుల బృందములందు సహవాద్యకారులుగా వారు వాయించిన ఆల్బములు మాత్రము మన ఇండ్లలో అంతగా వినబడవు.

శ్రీనివాస్ గారు 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున జన్మించి, చిన్ననాడే తండ్రిగారి మాండొలిన్‌ను చేతబట్టిరి. గురువులు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. గాత్రజ్ఞులేగాని మాండొలిన్ వాయించువారు కారు. గురువు పాడుచుండగా బాలుడు ఆ పాటనే తీగెలపై పలికించెను. ఆ వాద్యమునకు గానపు నుడికారము అబ్బుటకు ఇదియే మూలము.

మాండొలిన్‌కు సాధారణముగా నాలుగు జతల తీగెలుండును. మీటిన స్వరము త్వరగా అణగిపోవును. జంటతీగెలపై గమకము పలికించుట కష్టము. అందుచే వారు విద్యుత్ మాండొలిన్‌ను గ్రహించి, దానికి అయిదు ఒంటితీగెలనే ఉంచుకొనిరి. స్వరమునకు నిడివి కలిగినది. గమకమునకు చోటు దొరకినది.

1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున వారి తొలి కచేరీ జరిగినది. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించిరి. జాజ్ అనునది అమెరికాలోని ఆఫ్రికా సంతతివారి నుండి పుట్టిన సంగీతము. మన మనోధర్మమువలెనే అందును అప్పటికప్పుడు కల్పించి వాయించుటయే ప్రాణము.

1995లో కెనడా దేశీయుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అను ఆల్బము వెలువరించిరి. పిమ్మట జాన్ మెక్‌లాఫ్లిన్ గారి ‘రిమెంబర్ శక్తి’ బృందమున చేరిరి. 1970లనాటి ‘శక్తి’లో గిటారు సరసన ఎల్. శంకర్ గారి వయొలిన్ ఉండెడిది. కమానుతో పలుకు వాద్యమగుటచే రెండును వేరువేరుగా వినబడెడివి. గిటారు ప్రక్కన మరియొక మీటు వాద్యమును నిలుపుట సాహసమే. ‘ద బిలీవర్’ (2000), ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) వినినచో ఆ సాహసము ఫలించిన తీరు తెలియును. గిటారు వేగమునకు మాండొలిన్ వేగముతోనే బదులు పలుకును. కాని స్వరము వంగినచోట అది పాలకొల్లు బాలుడు పాటగా నేర్చిన గమకమని గుర్తుపట్టవచ్చును.

శ్రీనివాస్ గారు 2014లో, 45వ ఏట, చెన్నైలో కీర్తిశేషులైరి. 2024లో ‘శక్తి’కి గ్రామీ పురస్కారము లభించునాటికి ఆ స్థానమున మరల వయొలినే ఉండెను. మాండొలిన్ పలికిన ఆ కొలది సంవత్సరముల సంగీతము ఈ ఆల్బములలోనే నిలిచియున్నది.

అత్తిముగము, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల స్థిరపడిన మన కుటుంబములకు ఇందు ఒక పాఠము కలదు. అన్యుల సభలో కలిసిమెలిసి వాయించుటకు తన గమకమును విడువనక్కరలేదు. వీధిలో ఇరుగుపొరుగుల భాషతో మెలగుచు ఇంట తెలుగును నిలుపుకొను మన పిల్లలకు ఈ ఆల్బములు వినిపింపదగినవి. పెద్దలు ప్రక్కన కూర్చుండి, ఆ గమకము వచ్చినచోటును వారికి చూపవలెను.