సత్యభామ ఎవరి వేషం?

కూచిపూడి నాట్యరూపకం భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ రంగం మీదికి వస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. పాతరోజుల్లో కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు, మంట భగ్గున లేచేది. ఆ వెలుగులో నగలు పొదిగిన పొడవాటి జడ తెర మీదుగా ఇవతలికి వాలుతుంది. అవతల గజ్జెలు మోగుతూ ఉంటాయి. విద్యలో నన్ను మించినవాళ్లుంటే ముందుకు రండి, ఓడితే ఈ జడ మీది అని ఆ వాలుజడ విసిరే సవాలును కూచిపూడి పెద్దలు వివరిస్తారు. ముఖం చూపకముందే ఇంత ధీమా చూపే నాయిక మన రంగస్థలం మీద మరొకరు లేరు. అయితే కూచిపూడి మేళాల్లో తరతరాలుగా ఆ జడ కట్టుకున్నది మగవాడు.

ప్రాచీన గ్రీకులు కళలన్నిటినీ ఆడవాళ్ల చేతిలో పెట్టారు. దేవతల రాజు జ్యూస్‌కూ, జ్ఞాపకశక్తికి అధిదేవత అయిన నెమోసినీకీ పుట్టిన తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు మ్యూజ్‌లు. మ్యూజియం అన్న మాట వాళ్ల పేరు మీద వచ్చిందే. హెసియడ్ అనే కవి తన 'థియోగొనీ'లో తొమ్మిది పేర్లూ చెప్పాడు. ఎవరికి ఏ కళ అన్న పంపకం తర్వాతి కాలం వాళ్లు చేశారు. అందులో నాట్యం టెర్ప్సికోరీ వంతుకు వచ్చింది. చేతిలో లైర్ అనే తంత్రీవాద్యంతో ఆమెను చిత్రించేవారు. పేరులో మొదటి సగానికి ఆనందం అని అర్థం, రెండో సగానికి బృందనృత్యం అని. మన సినిమావాళ్లు రోజూ వాడే కోరస్, కొరియోగ్రఫీ ఆ రెండో సగం నుంచి వచ్చినవే. 1612లో జర్మన్ సంగీతకర్త ప్రెటోరియస్ తన నృత్యసంగీత సంపుటానికి ఆమె పేరే పెట్టుకున్నాడు.

మరి కృష్ణాతీరంలో ఆమె పీఠం ఎవరిది? విజయవాడ నడిబొడ్డున మొగల్రాజపురం కొండ గుహల్లో అరిగిపోయిన శిల్పాల మధ్య నాట్యమాడే శివుణ్ని పోల్చుకోవచ్చు. కూచిపూడి ఊళ్లో బాలాత్రిపురసుందరి కొలువై ఉంది. ఆమెకు మొక్కనిదే మేళం కదిలేది కాదు. కానీ ఈ నేల నాట్యం అనగానే మనసులో మెదిలేది సత్యభామే. టెర్ప్సికోరీ కళాకారులకు ప్రేరణ ఇచ్చే దేవత, ఎక్కడో ఎత్తున ఉంటుంది. సత్యభామ అలా కాదు. తానే ఆడుతుంది, అలుగుతుంది, విరహంతో కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది, చెలికత్తె మాధవితో వాదులాడుతుంది.

ఈ గడ్డ మీద నాట్యం గురించి ఆలోచన సత్యభామ కంటే చాలా పాతది. దివిసీమను ఏలిన అయ్య వంశీకుల బిడ్డ జాయపను కాకతీయ గణపతిదేవుడు చిన్నతనంలోనే ఓరుగల్లుకు తీసుకెళ్లి చదివించాడు. అతని అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను తాను పెళ్లాడాడు. జాయప పెరిగి గజసేనకు అధిపతి అయ్యాడు. 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగూ భరతుడి దారిలో సాగే మార్గ నృత్యం, తక్కిన నాలుగూ దేశి. నా దృష్టిలో ఆ పుస్తకం ప్రాణమంతా రెండో సగంలో ఉంది. పేరణి, కోలాటం వంటి దండరాసకం, బంతులతో ఆడే కందుక నృత్యం లాంటి జనం ఆటలకు ఒక సేనాపతి శాస్త్రంలో సగం చోటు ఇచ్చాడు. 1965లో వి. రాఘవన్ దాన్ని పరిష్కరించి మద్రాసులో అచ్చు వేయించారు. యుద్ధంలో ఏనుగులను నడిపినవాడు పాదం కదలికను ఇంత శ్రద్ధగా గమనించడం మన చరిత్రలో అపురూపమైన విషయం. జాయప పేరు తెలియని తెలుగు బడిపిల్లలు ఉండకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

విజయవాడ నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో మువ్వ మండలంలో ఉంది కూచిపూడి. పక్కనే మువ్వ, క్షేత్రయ్య పదాల్లోని గోపాలుడి ఊరు. 17వ శతాబ్దివాడని చెప్పే సిద్ధేంద్రయోగి ఈ ఊరి బ్రాహ్మణ కుటుంబాలకు భామాకలాపం నేర్పాడనీ, పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడనీ ఐతిహ్యం. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి ఇంటిపేర్లవాళ్లు ఆ మాట నిలబెట్టారు. ఆడవాళ్లకు మాత్రం ఆ మేళాల్లో చోటు లేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే తెలుగునేల మీద సత్యభామను మగవాళ్లే ఆడారన్న అభిప్రాయం మిగిలిపోతుంది. అది సరికాదు. కృష్ణా గోదావరి జిల్లాల్లో కలావంతులు ఉన్నారు. ఆలయాల్లో, జమీందారుల కొలువుల్లో, పెళ్లి మేజువాణీల్లో ఆడిపాడినవాళ్లు. క్షేత్రయ్య పదాన్ని కూర్చున్న చోటనే కళ్లతో, కనుబొమలతో గంటసేపు విప్పి చెప్పగలిగినవాళ్లు. భామాకలాపం, గొల్లకలాపం వాళ్ల దగ్గరా ఉండేవి. కోనసీమలో ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల బులివెంకటరత్నం సత్యభామగా ఆడిన కలావంతుల కళాకారిణి. అంటే ఒకే నాయికను ఒక ఊళ్లో పురుషుడు, మరో ఊళ్లో స్త్రీ ఆడుతూ వచ్చారు.

19వ శతాబ్ది చివర కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు ఈ కలావంతుల భోగంమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం చేసింది. పసిపిల్లలను దేవుడి పేరిట అంకితం చేసే ఆచారం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆచారంతోపాటు ఆ స్త్రీల విద్యకూ గౌరవం పోయింది. వాళ్లు పాడిన పదాన్నే ఇతర కులాల అమ్మాయిలు సభల్లో ఆడితే కళ అని చప్పట్లు కొట్టారు. వాళ్లే ఆడితే తలుపులు మూశారు. ఈ అన్యాయాన్ని మన కళాచరిత్రలు ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

కూచిపూడి లోపల తలుపు తెరిచినవాళ్లలో ముందుగా చెప్పాల్సిన పేరు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి. ఆయన ఏకపాత్ర నృత్యానికి రూపం దిద్దారు, స్త్రీలకు పాఠం చెప్పారు. యామినీ కృష్ణమూర్తి ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నాట్య సదస్సు జరిపినప్పుడు కూచిపూడి గురించి విస్సా అప్పారావు ప్రసంగిస్తే, ఆడి చూపించింది కాంచనమాల. మగవాళ్ల మేళంగా పేరుపడ్డ కళను దేశం ముందు పెట్టింది ఒక స్త్రీ. ఏలూరు న్యాయవాది, నటుడు బందా కనకలింగేశ్వరరావు కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం కోసం పాటుపడ్డారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి వందలాది అమ్మాయిలను తీర్చిదిద్దారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా ఆడితే ప్రేక్షకులు మైమరచిపోయేవారు.

అదే కాలంలో వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీవేషాన్ని శిఖరానికి తీసుకెళ్లారు. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామ, ఉష, మోహిని పాత్రల్లో ఆయన నడక, ఓరచూపు, మాట విరుపు పురుషుడు స్త్రీని అనుకరించినట్టు ఉండేవి కావు, ఒక మనస్సును ఆవాహన చేసుకున్నట్టు ఉండేవి. ఆయనా చినసత్యమూ 2012లోనే కొన్ని నెలల తేడాతో కన్నుమూశారు.

2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో ఆరువేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. కూచిపూడి పాఠశాల ఏదైనా ఇప్పుడు అమ్మాయిలతోనే నిండి ఉంటుంది. కలావంతుల విద్యకు అంత పెద్ద మైదానం దొరకలేదు. నటరాజ రామకృష్ణ వృద్ధ కళాకారిణుల ఇళ్లకు వెళ్లి సేకరించినది ఆంధ్రనాట్యంగా, స్వప్నసుందరి పునరుద్ధరించినది విలాసినీ నాట్యంగా కొద్దిమంది దగ్గర బతుకుతున్నాయి. నృత్య డిప్లొమాకు చదివే పిల్లలకు సిద్ధేంద్రుడి గురించి చెప్పే పాఠంలోనే బులివెంకటరత్నం పేరూ, ముమ్మిడివరం పేరూ చేర్చాలి.