ఉక్కునగరము – ధర్మసూక్ష్మము

పురుషార్థములను లెక్కించునపుడు మన పెద్దలు ధర్మమును మొదట నిలిపి, అర్థమును దాని వెనుక నడిపించిరి. వర్తకమునకు లాభము ప్రాణమే. కాని ఆ లాభము ఎవరి చెమటవలన కలిగినదో, ఏ నేలనుండి, ఏ నీటినుండి లభించినదో మరచిన సంస్థ చిరకాలము నిలువజాలదు. సంపద పెరుగు దినములలో నీతిని వల్లించుట సులభము. కాలము మారి, సంస్థ తన పద్ధతులను మార్చుకొనవలసి వచ్చినపుడు ఆ మార్పునకు మూల్యమును ఎవరు చెల్లించిరి అను ప్రశ్నయే దాని ధర్మమునకు గీటురాయి. ఆ గీటురాయిపై పరీక్షింపదగిన చరిత్ర జంషెడ్‌పూరు ఉక్కునగరమునకు కలదు.

ఈ నగరమునకు మూలపురుషుడైన జంషెడ్జీ టాటా 1904లో దివంగతుడయ్యెను. అప్పటికి ఉక్కు కర్మాగారము ఇంకను స్వప్నమే. అయినను 1902లోనే తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కార్మికుల కొరకు నిర్మింపవలసిన పట్టణమును ఆయన వర్ణించెను. విశాలమైన వీధులు, త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు, పచ్చిక బయళ్లు, ఆటస్థలములు, సర్వమతములవారికి ప్రార్థనామందిరములు అందు ఉండవలెనని కోరెను. కొలిమి వెలుగుటకు పదేండ్ల ముందే కార్మికుని నివాసమును గూర్చి ఆలోచించుట ఆనాటి పారిశ్రామిక ప్రపంచమున అరుదైన విషయము.

సంస్థ 1907లో బొంబాయిలో రిజిస్టరయ్యెను. లండను ధనికులు పెట్టుబడికి ముందుకు రాకపోగా, స్వదేశీ ఉద్యమము ఉప్పొంగుచున్న ఆ దినములలో సుమారు 8,000 మంది భారతీయులు మూడు వారములలో వాటాలు కొని మూలధనమును సమకూర్చిరి. సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమము చెంత నున్న సాక్చి అను పల్లె కర్మస్థానమయ్యెను. 1912లో తొలి ఉక్కు వెలువడెను. 1919లో సాక్చికి జంషెడ్‌పూరు అనియు, కాలీమాటి రైలుస్టేషనుకు టాటానగర్ అనియు పేర్లు పెట్టబడినవి.

అయితే ఆ నేల నిర్జనారణ్యము కాదు. సంథాలులు, హోలు మొదలగు ఆదివాసులు తరతరములుగా నివసించిన గ్రామములచటనే కలవు. కొలిమి వెలుగుటకు వారు పొలములను, చెట్లనీడను విడువవలసి వచ్చెను. ఉక్కునగరపు తొలి మూల్యమును చెల్లించినవారు వారే.

క్రమముగా దేశపు నలుమూలలనుండి జనులు పనికై వచ్చిరి. నాటి గంజాము, విశాఖపట్టణము మండలములనుండి రైలెక్కి వచ్చిన మనవారును అందు కలరు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము ఆ వలసకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది.

ఈ కార్మికులకు 1912లోనే ఎనిమిది గంటల పనిదినము లభించెను. నూలుమిల్లులలో పురుషులు దినమునకు 12 గంటలు పనిచేయుటకు 1911 నాటి చట్టము అనుమతించిన కాలమది. దేశమంతటను వారమునకు 48 గంటల పరిమితి 1940లలోగాని చట్టరూపమున రాలేదు. అట్లే జంషెడ్‌పూరులో 1920లో ఏర్పడిన ప్రావిడెంటు ఫండు, కర్మాగారములకు చట్టరూపమున 1952లో వచ్చెను. అచట 1928లో కలిగిన ప్రసూతి సౌకర్యమునకు కేంద్రచట్టము 1961లో వచ్చెను. నేడు మనము సహజమని భావించు హక్కులు ఎన్నియో, మొదట ఒక సంస్థ తనంతట తాను స్వీకరించిన కట్టుబాట్లు.

ఇంతమాత్రమున అచట అంతయు సుఖమే యుండెనని తలపరాదు. ప్రావిడెంటు ఫండు వచ్చిన ఆ 1920లోనే జీతముల కొరకు కార్మికులు సమ్మె కట్టిరి. కాల్పులు జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. కార్మికసంఘము ఆ యేడే పుట్టెను. 1922లో మరల సమ్మె జరిగెను. 1925లో మహాత్మాగాంధి జంషెడ్‌పూరునకు వచ్చెను. 1928లో పనివారిని తగ్గింతురను భయము ప్రబలి నెలల తరబడి పని స్తంభింపగా, సుభాష్‌చంద్రబోసు సంఘమునకు అధ్యక్షుడై రాజీకై పాటుపడెను. యజమాని దయతో ఇచ్చినది ఎంత గొప్పదైనను దానము మాత్రమే. కూర్చుండి మాటలాడి సాధించుకొన్నది హక్కు. మనుష్యుడు కోరునది కూడు ఒక్కటియే కాదు, గౌరవము కూడ.

ఈ నడుమ 1924లో సంస్థయే కూలిపోవు స్థితి ఏర్పడెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఉక్కుధర పడిపోయెను. విదేశపు చౌక ఉక్కు వెల్లువగా వచ్చెను. జీతములు చెల్లించుటయే కష్టమైనపుడు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ఆభరణములతో సహా, ఇంపీరియలు బ్యాంకునకు కుదువబెట్టి సుమారు కోటి రూపాయల ఋణము తెచ్చెను. ఈ పర్యాయము మూల్యమును ముందుగా చెల్లించినవాడు యజమాని.

1956లో యాజమాన్యమునకు, కార్మికసంఘమునకు జరిగిన ఒడంబడికవలన పలు అంతస్తులలో సంయుక్త మండలులు ఏర్పడినవి. మార్పును గూర్చి ముందుగా సంప్రదించు ఆచారము స్థిరపడెను. 1991 ఆర్థిక సంస్కరణల పిదప దాని విలువ తెలియవచ్చెను. పాతయంత్రములను మార్చనిదే సంస్థ నిలువజాలదు. కొత్తయంత్రములకు అంతమంది అక్కరలేదు. 1990ల తొలినాళ్లలో 78,000 వరకు ఉండిన ఉద్యోగుల సంఖ్య 2005 నాటికి సుమారు సగమయ్యెను. ఉద్యోగము విడుచుటకు అంగీకరించినవారికి విరమణవయస్సు వరకు నెలనెలా ధనము చెల్లించు పథకము ఏర్పడుటచేత పెద్ద అలజడి లేక ఆ మార్పు జరిగెను. కాని శాశ్వతోద్యోగములు తగ్గినకొలది కాంట్రాక్టు పనివారు పెరిగిరి. తండ్రికి దొరికిన స్థిరత్వము కుమారునికి దొరకకపోవుటయు మూల్యమే. అది ఏ జమాఖర్చు పుస్తకమునను కనిపించదు.

2006 జనవరి 2న ఒడిషాలోని కళింగనగరమున, ఇదే సంస్థ కొత్త కర్మాగారమునకు ప్రహరీ నిర్మించు సందర్భమున జరిగిన పోలీసు కాల్పులలో పదిమందికి పైగా ఆదివాసులు మరణించిరి. వివాదము భూమిని గూర్చినదే. సాక్చినాటి ప్రశ్న నూరేండ్ల తరువాతను అట్లే నిలిచియుండెను.

2007లో ఈ సంస్థ ఆంగ్ల–డచ్చి ఉక్కుసంస్థయైన కోరస్‌ను కొనెను. ఒకనాడు లండను నిరాకరించిన సంస్థ బ్రిటిషు కొలిములకు యజమాని యయ్యెను. బొగ్గుతో మండు కొలిములు వాతావరణమునకు హానికరములగుటయు, వాటివలన నష్టములు పేరుకొనుటయు కారణములుగా, వేల్సులోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్టు కొలిమి 2024 సెప్టెంబరు 30న ఆర్పివేయబడెను. దాని స్థానమున తుక్కు ఇనుమును కరగించు విద్యుత్కొలిమికై బ్రిటిషు ప్రభుత్వము 50 కోట్ల పౌండ్ల సాయమును అంగీకరించెను. ఆ మార్పులో 2,800 వరకు ఉద్యోగములు పోవునని సంస్థ ప్రకటించెను. ఆకాశము నిర్మలమగుట ధర్మమే. కాని ఆ నిర్మలత్వమునకు ఒక్క ఊరి కార్మికులే వెల చెల్లించుట ధర్మమా?

మార్పు అనివార్యము. చెట్టును నరికి ఉక్కు చేసిన యుగము పోయి, చెట్టును నిలిపి ఉక్కు చేయవలసిన యుగము వచ్చుచున్నది. ఉక్కునగరపు చరిత్ర చెప్పు ధర్మసూక్ష్మము ఇదియే: మార్పునకగు వ్యయమును మార్పునకు ముందే లెక్కింపవలెను. ఆ లెక్క వేయునపుడు దానిని భరింపవలసినవారిని ఎదుట కూర్చుండబెట్టుకొనవలెను. ఈ నియమమును పాటించినపుడు ఉక్కునగరము కష్టములను దాటినది. మరచినపుడెల్ల రక్తము చిందినది. కర్మాగారమునకైనను, కచేరికైనను ఈ నియమము ఒక్కటే.