ఆటకు తగిన తెర: గేమింగ్ టీవీ, పండుగ అమ్మకాల చరిత్ర

టీవీ మీద ఆటలు ఆడుకోవచ్చన్న ఆలోచన 1951లోనే రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరుకు వచ్చింది. న్యూయార్క్‌లోని లోరల్ కంపెనీలో కొత్త టీవీ సెట్టు రూపకల్పనలో ఉన్న ఆయన, సెట్టులోనే ఒక ఆట పెడదామన్నారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. పదిహేనేళ్ల తరువాత, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో శాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణ పరికరాల కంపెనీలో పనిచేస్తుండగా, ఆ ఆలోచనను నాలుగు పేజీల్లో రాసిపెట్టారు. దాన్నుంచి పుట్టిన యంత్రాన్ని మాగ్నవాక్స్ కంపెనీ 1972లో ఒడిస్సీ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. ధర సుమారు 100 డాలర్లు.

టీవీ వెనక ఏంటెనా తీగ బిగించే మరలకు చిన్న స్విచ్ డబ్బా కలిపి, సెట్టును మూడో చానెల్‌కో నాలుగో చానెల్‌కో తిప్పితే ఒడిస్సీ ఆట కనిపించేది. టీవీకి సంబంధించినంతవరకు అది మరో స్టేషన్ ప్రసారం, అంతే. రంగులు లేవు, శబ్దం లేదు, తెర మీద కొన్ని తెల్లని చుక్కలు, ఒక గీత మాత్రం ఉండేవి. మైదానమో చిట్టడవో కావాలంటే దాన్ని ముద్రించిన ప్లాస్టిక్ షీటును తెరకు అంటించుకోవాలి. ఇళ్లలో టీవీలన్నీ ఒకే కొలతలో ఉండవు కనుక ఆ షీట్లను రెండు సైజుల్లో ఇచ్చారు. ఆట కోసం టీవీ కొలత చూసుకోవడం అక్కడే మొదలైంది. మాగ్నవాక్స్ దుకాణాల్లోనే అమ్మడం వల్ల, ఆ కంపెనీ టీవీ ఉంటేనే ఒడిస్సీ పనిచేస్తుందని చాలామంది పొరబడ్డారు. ఆటపెట్టెకూ టీవీకీ పొత్తు కుదురుతుందా లేదా అన్న అనుమానం కొనేవారిని ఈనాటికీ వదల్లేదు.

ఇంటి గేములను సంవత్సరాంతపు కొనుగోళ్లతో ముడివేసింది అటారి కంపెనీ. నాణెం వేసి ఆడే పాంగ్ యంత్రాన్ని 1972లో తెచ్చిన అటారి, దాని ఇంటి రూపాన్ని 1975 క్రిస్మస్‌కు సియర్స్ దుకాణాల ద్వారా అమ్మింది. ఆ ఒక్క సీజన్‌లో దాదాపు 1,50,000 పెట్టెలు అమ్ముడయ్యాయి. ఏడాది వ్యాపారంలో పెద్ద వాటా నవంబరు, డిసెంబరు నెలల్లోనే వస్తుందని పరిశ్రమకు తెలిసొచ్చింది. తరువాతి కాలంలో అమెరికాలో ఎక్స్‌బాక్స్ 2001లో, ఎక్స్‌బాక్స్ 360 2005లో, ప్లేస్టేషన్ 3 2006లో, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ 2013లో, ప్లేస్టేషన్ 5 2020లో విడుదలైంది నవంబరులోనే.

ఈ సీజన్ వీడియో గేముల కంటే పాతది. థాంక్స్‌గివింగ్ పండుగ దాటాకే అమెరికాలో క్రిస్మస్ కొనుగోళ్లు ఊపందుకునేవి. 1939 నవంబరులో ఐదు గురువారాలు వచ్చాయి. ఆనవాయితీ ప్రకారం చివరి గురువారం పండుగ చేస్తే బేరాలకు రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకోగా, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగనే ఒక వారం ముందుకు జరిపారు. కొన్ని రాష్ట్రాలు దాన్ని పాటించాయి, కొన్ని కాదన్నాయి. నవంబరు నాలుగో గురువారాన్ని ఖాయం చేస్తూ 1941లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేశాక గాని గందరగోళం తొలగలేదు. ఆ మరునాటి శుక్రవారమే బ్లాక్ ఫ్రైడే. ఫ్లాట్ టీవీలు వచ్చాక ఆ రోజుకు టీవీయే పెద్ద ఎర అయింది. అతి తక్కువ ధరకు కొద్ది సెట్లు మాత్రం పెడితే, వాటి కోసం జనం రాత్రంతా దుకాణాల ముందు చలిలో వరుస కట్టేవారు.

అయితే ఒడిస్సీ నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆట కోసం ఏ టీవీ కొనాలన్న ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. పిక్చర్ ట్యూబ్ ఉన్న ఏ సెట్టయినా సరిపోయేది. అందుకు కారణం ట్యూబు పనిచేసే తీరు. వెనకనుంచి వచ్చే ఎలక్ట్రాన్ల పుంజం తెర మీద గీత తరువాత గీత గీస్తూ పోతుంది. సంకేతం అందిన క్షణానే ఆ గీత వెలుగుతుంది. బొమ్మను ముందుగా దాచిపెట్టుకోవడానికి సెట్టులో చోటే లేదు, కాబట్టి ఆలస్యమూ లేదు. 1977లో వచ్చిన అటారి 2600 ఈ గుణం మీదే ఆధారపడింది. అందులో ఉన్న మెమరీ 128 బైట్లు. ఒక పూర్తి బొమ్మను దాచడానికి అది ఏమాత్రం చాలదు. పుంజం ఒక్కో గీత దాటే కొద్దిపాటి సమయంలోనే ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రాము తేల్చుకుని పంపాల్సి వచ్చేది. ఆ ఇరుకులో ఆటలు రాసిన వారి నేర్పు ఈనాటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

నింటెండో కంపెనీ డక్ హంట్ ఆట తుపాకీ ఇంకా చక్కని ఉదాహరణ. తుపాకీలోంచి వెలువడేది ఏమీ లేదు, దాని గొట్టంలో వెలుతురును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మీట నొక్కగానే తెర ఒక్క ఫ్రేము సేపు పూర్తిగా నల్లబడి, తరువాతి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో సెన్సర్‌కు వెలుతురు తగిలితే గురి కుదిరినట్టు. ఇదంతా సెకనులో కొన్ని అరవయ్యో వంతుల్లో జరిగిపోతుంది. అదే తుపాకీని నేటి ఫ్లాట్ టీవీ ముందు పట్టుకుంటే ఒక్క బాతూ పడదు. యంత్రం ఆశించిన క్షణానికి తెల్ల చతురస్రం తెర మీదికి ఇంకా వచ్చి ఉండదు మరి.

ఆ పోగొట్టుకున్న క్షణమే తరువాతి చరిత్రంతా. 2000 దశకం రెండో సగంలో ఎల్‌సీడీ, ప్లాస్మా టీవీలు పిక్చర్ ట్యూబును ఇళ్లనుంచి సాగనంపాయి. గోడకు తగిలించే పలుచని పెద్ద తెర కొనేవారికి అద్భుతంగా తోచింది. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 ఇచ్చే హై డెఫినిషన్ బొమ్మ కూడా అలాంటి తెర మీదే పూర్తిగా కనిపించేది. కాని ఫ్లాట్ టీవీ వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టు చూపదు. మొత్తం ఫ్రేమును ముందు లోపల నిలవచేసుకుంటుంది, తన తెర కొలతకు సాగదీస్తుంది, మచ్చలు తుడుస్తుంది, రంగులు దిద్దుతుంది, కదలికను నునుపు చేస్తుంది, ఆ తరువాతే చూపిస్తుంది. సినిమా చూసేవారికి దీనివల్ల నష్టం లేదు. శబ్దాన్ని కూడా అంతే వెనక్కి నెడితే సరిపోతుంది. ఆటగాడి సంగతి వేరు. బటన్ నొక్కాక తెర మీద మనిషి ఎగరడానికి పదో వంతు సెకను పడితే ఆట చేజారినట్టే. ఆనాటి కొన్ని సెట్లలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటేది.

ఈ లోపం మొదట సంగీతం ఆటల్లో బయటపడింది. పాట తాళానికి సరిగ్గా మీట నొక్కాల్సిన గిటార్ హీరో, రాక్ బ్యాండ్ వంటి ఆటలు కొత్త టీవీల మీద అదుపు తప్పాయి. అందుకే ఆటలోనే టీవీ ఆలస్యాన్ని కొలిచి సరిచేసుకునే ఏర్పాటు పెట్టారు. 2008లో వచ్చిన రాక్ బ్యాండ్ 2 గిటార్‌లో ఆ కొలత కోసమే వెలుతురు సెన్సర్, మైకు అమర్చారు. టీవీ కంపెనీలు కూడా మెల్లగా గేమ్ మోడ్ ఇవ్వడం మొదలుపెట్టాయి. దిద్దుబాటు పనులన్నీ ఆపేసి, బొమ్మను వీలైనంత త్వరగా తెరకు పంపడమే ఆ మోడ్ చేసే పని.

ఆ రోజుల్లో పెట్టెల మీద ముద్రించిన అంకెలు కొనేవారిని బాగా తప్పుదోవ పట్టించాయి. 2007 ప్రాంతాల్లో 120 హెర్ట్జ్ అని అమ్మిన టీవీలు బయటనుంచి సెకనుకు 60 ఫ్రేములనే తీసుకునేవి. మిగతా 60ని అవే ఊహించి మధ్యలో చేర్చేవి. ఆ ఊహకు మరికొంత సమయం పట్టేది. అంటే ఆటకు మేలని నమ్మి కొన్న హంగే ఆటను నెమ్మది చేసింది.

ప్లాస్మా తెరలు కదలికను ఎల్‌సీడీ కంటే స్పష్టంగా చూపేవి. 1964లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ ఈ తెరను కనిపెట్టింది ప్లేటో అనే బోధన కంప్యూటర్ కోసం. ఆ ప్లేటో మీదే విద్యార్థులు 1970లలో తొలి కంప్యూటర్ ఆటలు కొన్ని రాసుకున్నారు. అయితే తెర మూలన గంటల తరబడి కదలకుండా ఉండే స్కోరు, పటం వంటివి ప్లాస్మా మీద మచ్చలా ముద్రపడే ప్రమాదం ఉండేది. పయనీర్ 2009లో టీవీ వ్యాపారం వదిలేస్తున్నట్టు ప్రకటించింది. 2013లో పానాసోనిక్ కూడా ప్లాస్మా తయారీకి స్వస్తి చెప్పింది.

ప్లాస్మా ఖాళీ చేసిన స్థానంలోకి ఓలెడ్ వచ్చింది. చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కొడాక్ ప్రయోగశాలలో చేసిన పనిని 1987లో ప్రచురించారు. నేటి ఓలెడ్ తెరలకు అదే మూలం. ఇందులో ప్రతి చుక్కా తనంత తానే వెలుగుతుంది, తనంత తానే ఆరిపోతుంది. అందుకు మిల్లీసెకను కూడా పట్టదు. సోనీ 2007లో తెచ్చిన మొదటి ఓలెడ్ టీవీ తెర 11 అంగుళాలే, అమెరికాలో ధర 2,500 డాలర్లు. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల వంపు తెర టీవీని అక్కడ సుమారు 15,000 డాలర్లకు అమ్మింది. పదేళ్లు తిరగకముందే, నవంబరు అమ్మకాల్లో అదే కొలత ఓలెడ్ 1,500 డాలర్ల లోపు దొరికింది. ఖరీదైన టీవీ మధ్యతరగతి ఆటగాడికి అందుబాటులోకి వచ్చింది ఈ తగ్గుదల వల్లే. ముద్రపడే భయం మాత్రం ఓలెడ్‌నూ పూర్తిగా వదల్లేదు.

తెర వేగం పెరిగినా తీగ వెనకబడింది. హెచ్‌డీఎమ్ఐ 2.0 తీగ సెకనుకు 18 గిగాబిట్లు మోసేది. 4కె బొమ్మను సెకనుకు 120 సార్లు పూర్తి నాణ్యతతో పంపడానికి అది చాలదు. 2017 నవంబరులో విడుదలైన హెచ్‌డీఎమ్ఐ 2.1 ఆ పరిమితిని 48కి పెంచింది. ఆటపెట్టె ఫ్రేము సిద్ధం చేసినప్పుడే టీవీ దాన్ని చూపే వీఆర్ఆర్ సదుపాయం, ఆట మొదలవగానే టీవీ తానే గేమ్ మోడ్‌లోకి మారే ఏర్పాటు దీనితో ప్రమాణాలయ్యాయి. కంప్యూటర్ మానిటర్లలో ఎన్‌విడియా 2013లోనే ఇలాంటి పద్ధతి తెచ్చింది. టీవీకి రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2019లో ఎల్‌జీ సీ9 నాలుగు పోర్టుల్లోనూ హెచ్‌డీఎమ్ఐ 2.1 ఇచ్చింది. వాటిని పూర్తిగా వాడుకునే కొత్త కన్సోళ్లు వచ్చింది మరుసటి ఏడాది నవంబరులో. ప్లేస్టేషన్ 5కు వీఆర్ఆర్ అందింది 2022 ఏప్రిల్‌లో.

ఈ దశలోనూ పాత తికమక కొత్త రూపంలో వచ్చింది. కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమే కనుక, వాటిలో ముఖ్యమైనవి లేని టీవీ మీద కూడా హెచ్‌డీఎమ్ఐ 2.1 అని రాయవచ్చని 2021 చివర్లో తేటతెల్లమైంది. అనేక సెట్లలో నాలుగు పోర్టులుంటే రెండే 120 ఫ్రేములు తీసుకుంటాయి. ఆ రెండిటిలో ఒకటి సౌండ్‌బార్‌కు పోతుంది. రెండు కన్సోళ్లున్న ఇంట్లో ఇది నిజమైన ఇబ్బంది. పైగా అమెరికా నవంబరు అమ్మకాల కోసమే తయారయ్యే మోడళ్లు కొన్ని ఉంటాయి. నంబరులో ఒకటి రెండు అక్షరాలే తేడా కనిపించినా, లోపల పోర్టుల సంఖ్యో తెర వేగమో తగ్గి ఉండవచ్చు. ఇన్నేళ్ల అనుభవం చెప్పేదాని ప్రకారం నమ్మకమైన బేరం వేరే చోట ఉంది. జనవరిలో లాస్ వెగాస్ సీఈఎస్ ప్రదర్శనలో ప్రకటించి, వసంతంలో పూర్తి ధరకు అమ్మిన అసలు మోడలే నవంబరుకు బాగా దిగివస్తుంది. అది కొనడమే మేలు.

భారతదేశంలో ఈ కథ వేరే దారిలో నడిచింది. రంగుల ప్రసారం 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏట మొదలైంది. 1990లలో ఇక్కడి పిల్లలకు అందింది నింటెండో యంత్రానికి నకళ్లుగా వచ్చిన చవక పెట్టెలే. ఇంట్లో ఉన్న ఒకే ఒక కలర్ టీవీకి ఆ పెట్టెను తగిలించాలంటే పెద్దలు వార్తలో సీరియలో చూడని వేళ కోసం కాచుకోవాలి. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో గంటకింత అని డబ్బు తీసుకుని ఆడించిన వీడియో గేమ్ షాపుల్లో ఉన్నవీ పిక్చర్ ట్యూబ్ టీవీలే. ఆలస్యం అనే మాట ఆ తరానికి తెలియాల్సిన అవసరం రాలేదు.

టీవీ, ఫ్రిజ్ వంటివి దసరా, దీపావళి ఆఫర్లలో కొనడం తెలుగు ఇళ్లలో ముందునుంచీ ఉన్న అలవాటు. ఆ బేరం షోరూము నుంచి ఫోనులోకి మారడానికి నాంది 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ జరిపిన బిగ్ బిలియన్ డే. ప్లేస్టేషన్ 5 భారత మార్కెట్‌కు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. దానికి తగిన పెద్ద తెరల మీద పన్ను మాత్రం భారంగానే మిగిలింది. 32 అంగుళాల లోపు టీవీలకు జీఎస్‌టీ 18 శాతమైతే, అంతకు మించిన వాటికి 28 శాతం ఉండేది. గేమింగ్‌కు కొనే 55, 65 అంగుళాల సెట్లన్నీ ఈ రెండో కోవలోనే పడ్డాయి. నవరాత్రులు మొదలైన 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీదా పన్ను 18 శాతానికి దిగింది. ఆ ఏటి ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పండుగ అమ్మకాలు ఆ మరునాడే మొదలయ్యాయి.