తెలుగు నేలపై ఈము పెంపకం: చిన్నరైతు సన్నాహాలు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1990ల చివరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాపించిన ఈము పెంపకం 2012 తర్వాత వేగంగా క్షీణించింది. ఈ క్షీణతను రైతుల అనుభవలేమితో మాత్రమే వివరించలేం. పక్షిని పెంచడానికి కావలసిన సన్నాహాలు స్పష్టంగా రూపొందినా, పెరిగిన పక్షిని కొనే వినియోగదారుని విషయంలో అటువంటి సన్నాహం జరగలేదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈము, చిన్నరైతు, సంతానోత్పత్తి జత, ఇంక్యుబేటర్, అంగడి.

1. ఉపోద్ఘాతం:
ఈము ఆస్ట్రేలియాకు చెందిన, ఎగరలేని పెద్ద పక్షి. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాంపియన్ ప్రాంతంలో గోధుమ పొలాలను పాడుచేస్తున్న ఈములపైకి మరతుపాకులతో సైనికులను పంపారు. రైతుకు శత్రువుగా నిలిచిన ఆ పక్షే తరువాతి దశాబ్దాల్లో మాంసం, నూనె, తోలు కోసం పెంపుడు పక్షి అయింది. 1990ల్లో అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, ఒక్కొక్క సంతానోత్పత్తి జత ధర వేల డాలర్లకు చేరి, ఆ దశాబ్దం ముగిసేలోగా కూలిపోయింది. సరిగ్గా అదే కాలంలో భారతదేశంలో ఈ పెంపకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, కేరళ రాష్ట్రాల్లో ఈము క్షేత్రాలు వెలిశాయి.

2. క్షేత్రసన్నాహాలు:
చిన్నరైతు ముందుగా సమకూర్చుకోవలసింది స్థలం, కంచె. ఒక జతకు సుమారు 2,500 చదరపు అడుగుల ఆవరణ, చుట్టూ కనీసం 6 అడుగుల ఎత్తున ఇనుప వల కంచె అవసరమని పెంపక సూచనలు చెబుతాయి. పిల్లల కాళ్లు వంకరపోకుండా, నున్నని నేలపై జారకుండా గోనెసంచులు పరచాలి. పునరావృత వ్యయంలో సింహభాగం దాణాదే. ఆడ, మగ పక్షులు చూపులకు ఒకేలా ఉంటాయి; ఎదిగిన తరువాత ఆడపక్షి చేసే డప్పువంటి ధ్వనిని బట్టి గుర్తుపడతారు. అందువల్ల చిన్న పిల్లలను ‘జత’గా కొన్న రైతు అమ్మకందారు మాటనే నమ్ముకోవలసి వచ్చేది.

ప్రకృతిలో మగపక్షి దాదాపు ఎనిమిది వారాలు తిండి మానుకొని ముదురాకుపచ్చ గుడ్లను పొదుగుతుంది. క్షేత్రంలో ఆ గుడ్లను ఎప్పటికప్పుడు తీసి, దాదాపు 52 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచారు. గుడ్లు తీసివేయడంతో ఆడపక్షి మరిన్ని గుడ్లు పెట్టేది. చిన్నరైతుకు లాభంగా కనిపించిన ఈ ఏర్పాటే పక్షుల సంఖ్య అపారంగా పెరగడానికి దారితీసింది.

3. జతల అంగడి:
ఈము 18 నుంచి 24 నెలల వయసులో గుడ్లు పెట్టడం ప్రారంభిస్తుంది. ఎదిగిన పక్షి ఏటా సుమారు 30 గుడ్లు పెడుతుందనుకుందాం. వాటిలో సగం పక్షులుగా బతికినా 15 పక్షులు, అంటే ఏడు జతలు తయారవుతాయి. అవి కూడా ఇలాగే ఈడేరితే మరో రెండేళ్లకు 49 జతలు. ఒక జతను జతగానే అమ్మి లాభపడాలంటే, అమ్మిన ప్రతి రైతుకూ కొద్దికాలంలోనే ఏడుగురు కొత్త రైతులు దొరకాలి. కొత్తవారు చేరినంతకాలం ధర నిలిచింది; ఆ ధరనే రైతులు గిరాకీగా భావించారు. వాస్తవానికి అది తినేవారి గిరాకీ కాదు, పెంచేవారి గిరాకీ. కోడి, మేక మాంసాలకు అలవాటుపడిన తెలుగు వంటింట్లో ఈము మాంసానికి చోటు ఏర్పడలేదు. కొవ్వు నుంచి నూనె తీసి శుద్ధిచేసే పరిశ్రమ కూడా గ్రామాల పక్షుల సంఖ్యకు తగినంతగా ఎదగలేదు.

4. పెరుందురై ఉదంతం:
తమిళనాడులోని ఈరోడ్ జిల్లా పెరుందురై కేంద్రంగా ఒక సంస్థ పిల్లలను, దాణాను తానే ఇచ్చి, నెలనెలా పోషణ ఖర్చు చెల్లిస్తామని ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించింది. 2012 ఆగస్టులో చెల్లింపులు ఆగిపోయి, కేసులు నమోదయ్యాయి. దిక్కులేకుండా మిగిలిన పక్షులకు మేత పెట్టే భారం ప్రభుత్వ యంత్రాంగంపై పడింది. ఆ ఉదంతంలోని మోసాన్ని నేరంగా విచారించవచ్చు. కానీ మోసం లేని క్షేత్రాల్లోనూ పక్షులు అమ్ముడుపోకపోవడానికి మూలం వేరు. ఎవరి దగ్గరా మోసపోకుండా సొంత డబ్బుతో, బ్యాంకు రుణంతో కంచె వేసుకున్న రైతు కూడా అదే అంగడి లెక్కకు లోబడ్డాడు. కోళ్లఫారంలో ధర పడితే పక్షులను వారాల్లో వదిలించుకోవచ్చు. పెద్ద పక్షిని నెలల తరబడి మేపుతూనే ఉండాలి.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, స్థలం, కంచె, దాణా, పొదిగింపు విషయాల్లో చిన్నరైతుకు అందిన సూచనలు చాలావరకు ఆచరణయోగ్యమైనవే. రెండవది, సన్నాహం పక్షి వరకే పరిమితమై, వినియోగదారుని దాకా సాగలేదు. మూడవది, అమెరికాలో ధరలు అప్పటికే కూలినా ఆ అనుభవం ఇక్కడి రైతు నిర్ణయాన్ని మార్చలేదు. కొత్త జీవనాధారాల చరిత్రను పరిశీలించేటప్పుడు ‘ఎలా పెంచాలి?’ అన్న ప్రశ్నతో పాటు ‘చివరికి ఎవరు కొంటారు?’ అన్న ప్రశ్ననూ అడగాలి. ఆ రెండవ ప్రశ్నకు సమాధానం లేనిచోట, ఎంత బలమైన కంచె కూడా రైతును కాపాడలేదు.