థామస్ స్టేన్స్‌బీ జూనియర్

థామస్ స్టేన్స్‌బీ జూనియర్ (1692 - 1754) 18వ శతాబ్దానికి చెందిన ప్రముఖ ఆంగ్ల సుషిర వాద్య నిర్మాత. ఇతడు లండను నగరంలో వేణువులు, రికార్డర్లు, ఓబోలు, బసూన్‌లు తయారుచేసాడు. 1739లో ఇతడు నిర్మించిన కాంట్రా బసూన్ నేటికీ నిలిచి ఉంది.

జీవిత విశేషాలు

ఇతని తండ్రి థామస్ స్టేన్స్‌బీ సీనియర్ కూడా పేరొందిన వాద్య నిర్మాత. జూనియర్ తండ్రి వద్దనే పని నేర్చుకొని, తరువాత ఫ్లీట్ వీధిలోని టెంపుల్ ఎక్స్ఛేంజ్ వద్ద సొంత కార్ఖానా నెలకొల్పాడు. సుమారు 1732లో రికార్డరు గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఇతని మరణానంతరం శిష్యుడు కేలెబ్ గెడ్నీ ఆ కార్ఖానాను కొనసాగించాడు.

బసూన్ నిర్మాణం

బసూన్ సన్నాయి వలెనే జంట పీకతో పలికే వాద్యం, కానీ దీని నాదం మంద్రంగా ఉంటుంది. గొట్టం చాలా పొడవైనది కావడం వలన దానిని మడిచినట్లుగా నిర్మిస్తారు. అడుగు భాగంలో పక్కపక్కన తొలిచిన రెండు రంధ్రాలు కింద కలుస్తాయి. ఊదిన గాలి ఒకదాని గుండా దిగి, రెండవదాని గుండా పైకి ఎక్కుతుంది. కాంట్రా బసూన్ దీనికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. దాని గొట్టం పొడవు సుమారు 16 అడుగులు.

1739 నాటి కాంట్రా బసూన్

ఈ వాద్యంపై నిర్మాత పేరు, సంవత్సరం ముద్రించబడి ఉన్నాయి. ఇది డబ్లిన్ నగరంలోని ఐర్లండు జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. 1739 ఆగస్టులో లండనులోని మారిల్‌బోన్ ఉద్యానవన కచేరీ ప్రకటనలో కూడా స్టేన్స్‌బీ జూనియర్ తయారుచేసిన రెండు పెద్ద బసూన్‌ల ప్రస్తావన కనిపిస్తుంది.

బర్నీ కథనం

సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ 1785లో వ్రాసిన కథనం ప్రకారం, 1727లో రెండవ జార్జి పట్టాభిషేకం కొరకు హాండెల్ అంగీకారంతో స్టేన్స్‌బీ ఒక కాంట్రా బసూన్ చేసాడు. తగిన పీక లేకపోవడం వలననో, మరే కారణం చేతనో అది అప్పుడు వినియోగపడలేదు. 1784లో జరిగిన హాండెల్ స్మారకోత్సవం వరకు ఇంగ్లండులో ఏ వాద్య బృందమూ దీనిని వాడలేదని కూడా బర్నీ పేర్కొన్నాడు.

అయితే ఈ చివరి మాట ఇతర ఆధారాలతో పొసగదు. 1739 నాటి ప్రకటనతో పాటు, 1749లో హాండెల్ రచించిన బాణసంచా ఉత్సవ సంగీతపు స్వరప్రతిలో కూడా కాంట్రా బసూన్ ఉంది. డబ్లిన్ వాద్యంపై ఉన్న సంవత్సరాన్ని బట్టి అది పట్టాభిషేకం నాటిది కాదని కూడా తెలుస్తుంది. గ్రంథస్థమైన కథనాన్ని సరిచూసుకోవడానికి నిలిచి ఉన్న వాద్యాలు ఎంతగా ఉపకరిస్తాయో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.