స్పుత్నిక్కు, గోధుమలు, తెలుగు

తెలుగులో నాలుగు ముక్కలు రాసే అలవాటున్న వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు బ్రౌన్ నిఘంటువుతో పని పడుతుంది. పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళు తక్కువే. మిగతా వాళ్ళం చేసేదేమిటంటే షికాగో యూనివర్సిటీ వాళ్ళ సైటు తెరిచి పదం కొట్టి చూడటం. 1903 నాటి రెండో ముద్రణ మొత్తం అక్కడ ఉంది. పక్కనే 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువూ ఉంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఊరికే ఇలాంటివి ఎవరు పెడతారా అని ఆరా తీస్తే, ఆ నిఘంటువుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి డబ్బిచ్చింది అమెరికా విద్యాశాఖ అని తేలింది. 'టైటిల్ సిక్స్' అనే పద్దు కింద. ఆ పద్దు ఎక్కడిదా అని ఇంకాస్త తవ్వితే, కథ వెళ్ళి వెళ్ళి 1957 అక్టోబర్ 4న రష్యా వాడు ఆకాశంలోకి వదిలిన ఒక లోహపు బంతి దగ్గర ఆగింది. స్పుత్నిక్!

స్పుత్నిక్ ఎగిరాక అమెరికాకి కంగారు పుట్టింది. లెక్కల్లో, సైన్సులో మన పిల్లలు వెనకబడ్డారని గోల మొదలైంది. అది అందరికీ తెలిసిన కథే. దాంతోబాటు నడిచిన ఇంకో గోల సంగతి మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. రష్యా వాడు ఏం రాస్తున్నాడో చదవగలిగిన వాళ్ళు మన దగ్గర ఎంతమంది? కొత్తగా స్వతంత్రం వచ్చిన ఆసియా, ఆఫ్రికా దేశాల్లో జనం ఏ భాష మాట్లాడుతున్నారో, ఏమనుకుంటున్నారో తెలిసిన వాళ్ళు ఎంతమంది? అప్పటిదాకా అమెరికా యూనివర్సిటీల్లో పరాయి భాష అంటే ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పాతకాలపు గ్రీకు, లాటిన్. సంస్కృతం కొన్నిచోట్ల ఉండేది. ఈ రోజు బతికి ఉన్న మనుషులు బజారులో మాట్లాడుకునే హిందీయో తమిళమో నేర్పే చోటు వెతుక్కోవాల్సిందే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నార్మన్ బ్రౌన్ అనే సంస్కృత పండితుడు (మన బ్రౌన్ కాదు) 1940ల చివర్లో దక్షిణాసియా కోసమని ఒక డిపార్ట్‌మెంట్ పెట్టాడు. అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

1958 సెప్టెంబర్ 2న ఐసెన్‌హోవర్ 'జాతీయ రక్షణ విద్యా చట్టం' మీద సంతకం పెట్టాడు. పేరు చూడండి. విద్య అంటే ఎవరూ డబ్బివ్వరు, రక్షణ అంటే ఇస్తారు. అందుకని రెండూ అతికించారు. ఆ చట్టంలో ఆరో భాగం, అంటే టైటిల్ సిక్స్, పరాయి భాషలది. దాని తర్కం సింపుల్‌గా ఉంటుంది. ప్రభుత్వానికో, వ్యాపారానికో, చదువులకో అవసరమైన భాషలేమిటో విద్యా కమిషనర్ తేల్చాలి. దేశంలో అవి సరిగా దొరకట్లేదని కూడా తేల్చాలి. అప్పుడు యూనివర్సిటీ ఆ భాషకి కేంద్రం పెడితే అయ్యే ఖర్చులో సగం దాకా సర్కారు భరిస్తుంది. చదువుకునే వాళ్ళకి ఫెలోషిప్పులు వేరే.

కమిషనర్ లిస్టు తయారు చేశాడు. మొదటి వరసలో ఆరు: అరబిక్, చైనీస్, హిందీ-ఉర్దూ, జపనీస్, పోర్చుగీస్, రష్యన్. రెండో వరసలో పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలో బెంగాలీ, మరాఠీ, తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. పొరుగున పోలిష్, టర్కిష్, స్వాహిలి, మంగోలియా భాష. ఇలాంటి జాబితాలో తెలుగు పేరు చూస్తే నాకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క నవ్వు. నన్నయ, తిక్కన, గురజాడ, శ్రీశ్రీ ఎవరూ చెయ్యలేని పని ఒక రష్యన్ బంతి చేసి పెట్టింది. తెలుగు అమెరికా రక్షణకి అవసరమైన భాష అయిపోయింది!

ఇంకో చిన్న సంగతి. ఆ చట్టం కింద డబ్బు తీసుకునే విద్యార్థి, ప్రభుత్వాన్ని కూల్చే సంస్థల్ని నమ్మననీ సమర్థించననీ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. హార్వర్డ్, యేల్ లాంటివి దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. 1962లో ఆ షరతు ఎత్తేశారు. భాష నేర్చుకోవడానికి రాజభక్తి సర్టిఫికెట్ ఏమిటో అనిపిస్తుంది గానీ, రక్షణ పద్దులోంచి డబ్బొచ్చినప్పుడు ఇలాంటివి తోకలా వస్తాయి మరి.

అంతకుముందు ఏమీ లేదా అంటే, ఉంది. మర్రే ఎమెనో అనే ఆయన 1935 నుంచి 1938 దాకా మన దేశంలో తిరిగి నీలగిరుల్లో తోడా, కోతా భాషలు, ఇటు కొలామీ భాష రాసుకున్నాడు. కొలామీ అంటే మన ఆదిలాబాద్ కొలాముల భాషే. దానిమీద ఆయన పుస్తకం 1955లో వచ్చింది. తర్వాత బర్క్లీలో ఉంటూ ఆక్స్‌ఫర్డ్ లోని బరోతో కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు 1961లో తెచ్చాడు. మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియాలో చేరి 1957లో, అంటే స్పుత్నిక్ ఎగిరిన ఏడాదే, పిహెచ్.డి. పుచ్చుకున్నారు. తెలుగు క్రియా ధాతువుల మీద ఆయన సిద్ధాంత గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అచ్చేసింది. ఆ పాఠాలు ఆయన అమెరికాలోనే వదిలి రాలేదు. 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. నాగలికీ కాడికీ మేడికీ ఏ జిల్లాలో ఏ మాట అంటారో రైతుల్ని అడిగి రాసుకున్న పుస్తకం. పండితుడు పుస్తకాలు ముందేసుకుని నిఘంటువు కట్టడం మనకి అలవాటే. పొలానికెళ్ళి అడిగి కట్టడం అనేది వేరే బడి.

ఆ బడి మీద కూడా యుద్ధం నీడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి హడావిడిగా భాషలొచ్చిన వాళ్ళు కావాల్సొచ్చారు. లింగ్విస్టులు ఒక పద్ధతి పెట్టారు. ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టడం, అతను అన్నది వినడం, మళ్ళీ మళ్ళీ అనడం, వ్యాకరణం తర్వాత చూసుకోవడం. లీ లిస్కర్ 1963లో వేసిన మాట్లాడే తెలుగు పాఠాల పుస్తకం ఈ కోవలోదే. పేరులోనే 'స్పోకెన్' అని ఉంటుంది. అప్పటికి మన దగ్గర పాఠ్యపుస్తకాల్లో గ్రాంథికమా వ్యావహారికమా అనే తగువు ఇంకా పూర్తిగా చల్లారలేదు. వాళ్ళకి ఆ తగువుతో పనిలేదు. బస్టాండులో ఏమంటారో అది చెప్పండి చాలు అన్నారు. గిడుగువారు వింటే సంతోషించేవారు.

సరే, పాఠాలు చెప్పాలంటే పుస్తకాలు కావాలి కదా. ఇక్కడ గోధుమలు వస్తాయి.

1954లో అమెరికా పబ్లిక్ లా 480 అని ఒక చట్టం చేసింది. వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకి వాళ్ళ కరెన్సీకే అమ్మడం దాని పని. మనం 1956లో మొదటి ఒప్పందం చేసుకున్నాం. కరువు ముదిరిన 1966లో మన దేశం దిగుమతి చేసుకున్న ధాన్యం సుమారు కోటి టన్నులు, అందులో పెద్ద వాటా అమెరికాదే. బళ్ళో పెట్టిన అమెరికా గోధుమ నూక ఉప్మా, పాలపొడి పాలు మా తాతగారి తరానికీ నాన్నగారి తరానికీ బాగా గుర్తు. ఆ గోధుమలతో పాటే వయ్యారిభామ విత్తనాలు కూడా వచ్చి దేశమంతా పాకాయని అంటారు (మా ఊరి చేల గట్లమీద ఇప్పటికీ అదే).

మనం కట్టిన రూపాయలు అమెరికా పేరుమీద ఇక్కడే పోగుపడ్డాయి. డాలర్లుగా మార్చుకుని పట్టుకుపోయే వీల్లేదు. ఇక్కడే ఖర్చు పెట్టాలి. ఏం కొంటారు? 1958లో చట్టానికి ఒక సవరణ చేసి, ఈ రూపాయల్లో కొంత పెట్టి పుస్తకాలు కొనచ్చన్నారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఢిల్లీలో ఆఫీసు తెరిచి అన్ని భారతీయ భాషల్లోనూ కొనడం మొదలుపెట్టారు. ఒక్కో పుస్తకం ఒక కాపీ కాదు, చేరిన యూనివర్సిటీలన్నిటికీ తలా ఒకటి. అలా షికాగో, విస్కాన్సిన్, బర్క్లీ, పెన్సిల్వేనియా అల్మారాల్లోకి తెలుగు పుస్తకాలు ఓడలెక్కి వెళ్ళాయి. గోధుమలు ఇటు, కథలు, నవలలు, పద్యకావ్యాలు అటు.

ఆన్‌సైట్ కి వెళ్ళినప్పుడు మిడ్‌వెస్ట్ లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఈ వరసలు చూశాను. వాళ్ళ లెక్కలో తెలుగు సాహిత్యానికి నంబరు పీఎల్ 4780. పబ్లిక్ లా 480 కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, కాకతాళీయం. కానీ చూడగానే నవ్వొచ్చింది. అరవైల నాటి విజయవాడ ముద్రణలు, అరఠావు పుస్తకాలు, గట్టి బైండు వేసి, ఏసీ గదిలో. కొన్నిటి వెనక తారీఖు ముద్ర ఒక్కటి కూడా లేదు. అంటే యాభై ఏళ్ళకి పైగా ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళలేదు. అదే ముద్రణలు మన ఊళ్ళ శాఖా గ్రంథాలయాల్లో ఉంటే చెదపురుగులు చదివేసి ఉండేవి. పరాయివాడి అవసరం మన పుస్తకాన్ని దాచిపెట్టింది, మన ప్రేమ దాచలేదు. ఇది మింగుడు పడని విషయమే.

ఆ రూపాయలు మరీ కొండలా పెరిగితే 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ 1664 కోట్ల రూపాయల చెక్కు రాసి భారత ప్రభుత్వానికి తిరిగిచ్చేశాడు. గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన చెక్కు అది. ఈలోగా 1971లో వెల్చేరు నారాయణరావుగారు విస్కాన్సిన్ చేరారు. దశాబ్దాల పాటు అక్కడ తెలుగు చెప్పారు. డేవిడ్ షుల్మన్ తో కలిసి ఆయన చేసిన అనువాదాలు ఇంగ్లీషు చదివే ప్రపంచానికి తెలుగు కావ్యాల్ని చూపించాయి. 2002లో వచ్చిన వాళ్ళ ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం చాలామందికి మొదటి పరిచయం. ఐ.సి.ఎస్. అధికారిగా మన దగ్గర పనిచేసిన గ్విన్, కృష్ణమూర్తిగారితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం తెచ్చాడు. ఐసెన్‌హోవర్ కి ఇవేవీ కలలోకి కూడా వచ్చి ఉండవు.

ప్రభుత్వం తన పని కోసం భాష నేర్పించడం కొత్తదేం కాదు. 1812లో కంపెనీ వాళ్ళు మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టింది కుర్ర దొరలకి తెలుగు, తమిళం నేర్పి పన్నులు వసూలు చేయించుకోడానికే. దాన్లోంచే 1816లో తెలుగు, తమిళం సంస్కృతంలోంచి పుట్టినవి కావని ఎల్లిస్ నిరూపించిన వ్యాసం వచ్చింది. 1817లో మద్రాసులో దిగి ఆ కాలేజీలో చదువుకున్న సి.పి. బ్రౌన్ ఏమయ్యాడో చెప్పక్కర్లేదు. వెనకాల కూర్చుని పాఠం చెప్పిన వేదం పట్టాభిరామశాస్త్రి, వెలగపూడి కోదండరామ పంతులు లాంటి వాళ్ళ పేర్లు మాత్రం వెతుక్కోవాలి.

మా ఫీల్డులోనూ ఇదే తంతు. నేను చేరిన కంపెనీలో జపాన్ క్లయింటు వస్తున్నాడని ముప్ఫై మందికి జపనీస్ క్లాసులు పెట్టారు. హిరగానా, కతకానా అయ్యి కాంజీలోకి దిగేసరికి ప్రాజెక్టు చేజారింది, ఆ సోమవారం నుంచి క్లాసు లేదు. టీచరుగారికి ఆ విషయం సెక్యూరిటీ గేటు దగ్గర తెలిసింది. మాలో ఒకమ్మాయి మాత్రం సొంత డబ్బుతో కొనసాగించి ఇప్పుడు జపనీస్ నవలలు చదువుతోంది. ముప్ఫైలో ఒకరు. అది మంచి లెక్కో చెడ్డ లెక్కో నాకు తెలీదు గానీ, క్లాసు పెట్టకపోతే ఆ ఒక్కరూ ఉండేవారు కాదు.

అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు. పోలికకి, 1958లో జాబితా రాసినప్పుడు ఆ దేశంలో తెలుగువాళ్ళు ఒక పెళ్ళి పందిట్లో పట్టేవాళ్ళేమో. ఇప్పుడు క్లాసులో కూర్చునేది ఎక్కువగా మన పిల్లలే, అమ్మమ్మతో మాట్లాడాలని. 2007 నుంచి మనబడి లాంటివి వారాంతాల్లో వాళ్ళకి నేర్పుతున్నాయి. ఎమరీలో తెలుగు ఆచార్య పదవికి ప్రవాసులే విరాళమిచ్చారు. బావుంది. కాకపోతే తెలుగుతో ఏ చుట్టరికమూ లేని అయోవా రైతు కొడుకు ఒకడు వచ్చి శ్రీనాథుణ్ణి చదవాలంటే వాడికి వారాంతపు బడి సరిపోదు. రెండు మూడేళ్ళ చదువు, ఫెలోషిప్పు, హైదరాబాద్‌లో ఒక ఏడాది కావాలి. అవి ఇచ్చింది టైటిల్ సిక్సే.

2025లో అమెరికా విద్యాశాఖ ఆ కేంద్రాలకీ ఫెలోషిప్పులకీ ఇస్తున్న సొమ్ము నిలిపేసింది. జీతం కట్టేవాళ్ళు లేకపోతే ముందు పోయేది హిందీ క్లాసు కాదు, నలుగురైదుగురు కూర్చునే తెలుగు క్లాసు. మన ప్రభుత్వాలు రెండు ఉన్నాయి. ప్రపంచ మహాసభలనీ, ఎన్నారై సదస్సులనీ అయ్యే ఖర్చులో ఎంత పక్కన పెడితే విస్కాన్సిన్‌లోనో బర్క్లీలోనో ఒక తెలుగు లెక్చరర్ జీతం వస్తుందో ఎవరైనా లెక్కగట్టారా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి.