గీసిన బొమ్మ నడిచిన వేళ

డిప్లొమాలోనో డిగ్రీలోనో సీ లాంగ్వేజీ చదివినవాళ్లకు ల్యాబ్ రికార్డు గుర్తుండే ఉంటుంది. పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసిన ఫ్లోచార్టు: డైమండులో షరతు, పక్కన ‘యెస్’, ‘నో’. మాలో చాలామంది ప్రోగ్రాం ముందే రాసేసి, రికార్డు దిద్దించుకునే ముందురోజు రాత్రి బొమ్మ గీసేవాళ్లం.

ఆ బొమ్మ కంప్యూటర్ కంటే పాతది. 1921లో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ఫ్యాక్టరీ పనుల వరసను ఇలాంటి చార్టుల్లోనే చూపారు. 1940ల చివర్లో గణితవేత్తలు గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ వాటిని కంప్యూటర్ లెక్కలకు తెచ్చారు. 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ ఫ్లోచార్టుకు లేనిపోని విలువ ఇస్తున్నారని తేల్చేశాడు. చేయి తిరిగిన ప్రోగ్రామర్ల విషయంలో ఆయన మాట సబబే. కానీ మొదటి మెట్టు మీద ఉన్నవాడి అవస్థ వేరు. కాగితం మీది బొమ్మ కదలదు. తప్పు గీసినా ఒప్పులాగే కనిపిస్తుంది.

ఆ బొమ్మను నడిపించిన సాఫ్ట్‌వేర్లలో ‘రాప్టర్’ ఒకటి. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మార్టిన్ కార్లైల్ బృందం 2000ల మొదట్లో తయారుచేసింది. ఒకటి నుంచి ఐదు వరకు కూడాలనుకోండి. పెట్టెలు పేర్చి రన్ నొక్కితే, ఏ పెట్టె వంతు వస్తే ఆ పెట్టె రంగు మారుతుంది. పక్కన ‘మొత్తం’ విలువ 0, 1, 3, 6, 10, 15 అని పెరుగుతుంది. అంకెను పెంచే పెట్టె మరిచిపోయారా, మొత్తం 1, 2, 3, 4 అంటూ పోతూనే ఉంటుంది, లూపు ఆగదు. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లెదుటే తిరుగుతుంటుంది. సెమికోలన్ మరిచిపోయినందుకు తిట్లు తినే బాధా లేదు.

ప్రధానంగా మామూలు లాంగ్వేజీలోనే పాఠాలు విన్న విద్యార్థుల్లో కూడా నూటికి 95 మంది ఫైనల్ పరీక్షలో ఫ్లోచార్టునే ఎంచుకున్నారని ఆ బృందం రాసింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు.

2014లో శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకుడు డెవిన్ కుక్ ‘ఫ్లోగరిదమ్’ అనే ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. గీసిన బొమ్మకే పైథాన్, జావా, సీ++ కోడు ఎలా ఉంటుందో అది పక్కనే చూపిస్తుంది.

రెండూ ఉచితమే. మన కాలేజీల్లో సీ చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం: రికార్డులో బొమ్మ గీయమనే ముందు, ఒక్క క్లాసులో దాన్ని నడిపించి చూపించండి.